అయిదొందల మైళ్ల మచ్చిక

ఆ పొద్దున మబ్బు కొండ నడుందాకా దిగి కూర్చుంది. తూర్పున, సముద్రం వైపు మాత్రం, ఎవరో చాప అంచు పట్టుకుని లేపినట్టు కాస్త పైకి లేచింది. ఆ సందులోంచి పాలిపోయిన పసుపు వెలుగు ఒక చారగా పాకుతోంది. వాన ఆగింది గాని వెళ్లిపోలేదు. పక్కన ఎక్కడో నిలబడి చూస్తున్నట్టుంది.

హెక్టర్ గన్ వాకిట్లో నిలబడి ఆకాశం కేసి చూసి, ఇన్వర్‌నెస్ దాటేదాకా కారు గుడ్డ టాపు తియ్యలేమన్నాడు. తీసే వెళ్దామంది కూతురు ఎఫీ. టాపు వేస్తే ఇంజను ఏం మాట్లాడుతోందో వినపడదట. ఉన్ని టోపీ చెవులమీదికి లాక్కుని తోలే సీట్లో కూర్చుంది. తండ్రి మోకాలు పట్టుకుని, మూలుగు బయటికి రాకుండా పక్క సీట్లోకి దిగాడు. ఆ కార్లోకి ఎక్కడం ఉండదు, దిగడమే.

కారు హెక్టర్‌దే. పెళ్లికి ముందు, తలకి పొగరున్న రోజుల్లో కొన్నది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, మోకాలెత్తు తలుపులు, పందెంలో పరిగెత్తే జాతి. ఎఫీ పుట్టాక దాన్ని గొర్రెల కొట్టంలోకి నెట్టారు. ముప్పై ఏళ్లు కోళ్లు దాని సీట్లలో గుడ్లు పెట్టాయి. రెండు చలికాలాల కింద ఎఫీ ఆ కోళ్లని తోలేసి, ఇంజన్ని బయటికి లాగి, మర మరా విప్పింది. పగలు గొర్రెలు, సాయంత్రం ఇంజను. అరిగింది మార్చింది, అరగంది కడిగింది, మళ్లీ బిగించింది. హెక్టర్ దీపం పట్టుకున్నాడు. అతను చేసిందల్లా అంతే. ముప్పై నాలుగేళ్ల కూతురు ఇనప సామాను ముందు మోకరించి కూనిరాగం తీస్తుంటే చూడముచ్చటగా ఉండేది. ఆ ముచ్చట వెనకాలే కుక్కపిల్లలా భయం కూడా వచ్చేది.

పాత కార్ల పనివాళ్లలో ఒక పద్ధతుంది. పని అడిగినవాడి కాగితాలు ఎవరూ చూడరు. నువ్వు కట్టిన ఇంజను ఒకటి తోలుకుంటూ రా అంటారు. దక్షిణాన, వూస్టర్ అవతల ఒక పల్లెలో పెద్ద షెడ్డు నడిపే రెడ్‌ఫెర్న్ కూడా ఎఫీకి అదే రాశాడు. మీ ఊరి నుంచి మా గుమ్మానికి అయిదొందల మైళ్ల పైమాటే, కొత్తగా కట్టిన ఇంజను మచ్చికవడానికి సరిగ్గా అంతే కావాలి, వచ్చాక విప్పి చూస్తాను, బాగుంటే నా షెడ్లో ఒక పనిబల్ల నీది, బాలేకపోతే టీ తాగి వెళ్లు అని.

బాగుంటే నవంబరులో ఎఫీ వెళ్లిపోతుంది. ఆపైన నాలుగొందల గొర్రెలు, రెండు కుక్కలు, ఒక పాడు మోకాలు, హెక్టర్. పెళ్లాం పోయి ఆరేళ్లయింది. కొండ మీది మందని కిందికి దించాలంటే అటొకరు ఇటొకరు ఉండాలి. గొర్రెలు ఈనే అయిదు వారాలైతే ఇద్దరు కూడా చాలరు. ఇవన్నీ అతను కూతురితో ఒక్కసారీ అనలేదు. ఆమెకి తెలియనివా? నేను కూడా వస్తా, మార్చి మార్చి తోలొచ్చు అని మాత్రమే అన్నాడు. ఎఫీ చేతిలో పానా కింద పెట్టి అతని మొహంలోకి చూసింది.

"నీకిష్టం లేదేమో అనుకున్నా నాన్నా."

"ఇష్టానికేముంది, రోడ్డు చూసి చాలా రోజులైంది," అన్నాడు.

మొదటి రోజంతా ఆమే తోలింది. తోలుతూ చెబుతూనే ఉంది. కొత్త ఇంజను బాలింతలాంటిది. నిమిషానికి మూడు వేల చుట్లు దాటించకూడదు. ఒకే వేగంలో ఎక్కువసేపు ఉంచకూడదు. అందుకే పెద్ద రోడ్లు వద్దు, పాత రోడ్లే. కారుతో వచ్చిన పుస్తకంలో ఇదంతా నల్లగీతలు గీసి మరీ రాసి ఉంది. యాభై మైళ్లకోసారి ఆపి, ముక్కు పైకెత్తి, కడ్డీ తీసి తుడిచి ఆయిలు చూసింది. ప్రతిసారీ కొంచెం తగ్గుతోంది. వెనక గొట్టంలోంచి నీలం పొగ సన్నగా, చుట్ట చివరి పొగలా వస్తోంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఇంకా సర్దుకుని కూర్చోలేదు, అందుకే ఆయిలు కాలుతోంది, కూర్చుంటాయి అంది. ఆ మాట పెర్త్ దగ్గర అన్నప్పుడు ధైర్యంగానే ఉంది. సాయంత్రం, రాత్రి పడకకి మోఫట్‌లో ఆగినప్పుడు, అదే మాట అంటూ కడ్డీ రెండోసారి తుడిచి చూసింది. ఆ పొగ చూసి హెక్టర్‌కి లోపల ఏదో తేలికైంది. తేలికైందని తెలిసి తల తిప్పుకున్నాడు.

రాత్రి ఆమె నిద్రపోయినట్టు లేదు. మర్నాడు పెన్రిత్ పెట్రోలు బంకు దగ్గర కళ్లు రెండూ కుంకుమ పూసినట్టున్నాయి. లారీలో డీజిలు పోయించుకుంటున్న లావుపాటి మనిషి ఇద్దర్నీ, కార్నీ కిందికీ మీదికీ చూసి, దీన్ని తొడుక్కున్నారా ఎక్కారా అని అడిగాడు. తొడుక్కున్నాం, విప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి, సాయం పడతావా అంది ఎఫీ. వాడు నవ్వుతూ పోయాడు. ఆ నవ్వు అయిపోగానే ఆమె తాళం తండ్రి చేతిలో పెట్టింది.

"ఒక గంట కునుకు తీస్తా. మూడు వేలు నాన్నా. మరిచిపోవుగా?"

"గొర్రె తలకాయనుకున్నావా నన్ను?"

పెన్రిత్ దాటాక పాత రోడ్డు కొండెక్కుతుంది. రెండు వైపులా రాతి గోడలు, గోడలకి అవతల ముళ్లగడ్డి, అక్కడక్కడా నల్లమొహం గొర్రెలు. రెండు మైళ్లు పోకముందే ఎఫీ తల తలుపు వైపు వాలింది. నోరు కొంచెం తెరుచుకుంది. అర్ధరాత్రి కొట్టంలో గొర్రె దగ్గినా లేచి కూర్చునే పిల్ల. కారు తండ్రి చేతిలో ఉంది కదా అని ఒళ్లు మరిచి నిద్రపోయింది.

హెక్టర్ ఇంజను చుట్లు చూపే ముల్లు కేసి చూశాడు. మూడు వేల దగ్గర నిక్కచ్చిగా నిలబడి ఉంది.

కుర్రకుక్క సంగతి అతనికి తెలుసు. ఏడాది నిండని దాన్ని పెద్ద మంద మీదికి, పెద్ద కొండ మీదికి ఒక్కసారి తోలితే చాలు. కాళ్లో గుండెకాయో ఏదో ఒకటి చెడుతుంది, జన్మకి మళ్లీ పనికిరాదు. దాన్ని కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. తోలితే చాలు. తర్వాత ఎవడైనా చూసి, పుట్టుకలోనే ఏదో లోపం అంటాడు.

పెడలు మీద కాలు అదిమాడు.

ముల్లు నాలుగు వేలు దాటింది. నాలుగున్నర. ఏటవాలు పెరిగింది. గేరు తగ్గించి మళ్లీ తొక్కాడు. అయిదు. అయిదున్నర. రాతి గోడలు దారపు ఉండలా విడిపోతూ వెనక్కి పోతున్నాయి. ఏదో ఒకటి ఫట్‌మంటుందని పళ్లు బిగబట్టి ఎదురుచూశాడు. ఎఫీ కదిలింది, టోపీ సర్దుకుంది, మళ్లీ పడుకుంది. కొండ శిఖరం మీద కాలు తీసేశాడు. అవతల పల్లంలో అదే గేరులో వదిలేస్తే ఇంజను బరువుగా గర్‌ర్‌మంటూ దిగింది. ఆ దారిలో ఎత్తులు ఇంకా ఉన్నాయి. ప్రతి ఎత్తు మీదా తొక్కాడు, ప్రతి పల్లంలోనూ వదిలాడు.

ఫట్‌మనలేదు. ఆ ఇంజను పాడింది. అంత చక్కటి చప్పుడు ఆ కార్లో తన పాతికేళ్ల వయసులో కూడా వినలేదు. నా కూతురు కట్టింది అనుకుంటే గుండె ఉప్పొంగింది. కాలు మాత్రం తీయలేదు.

కెండల్ దగ్గర ఆమె లేచేటప్పటికి ముల్లు మూడు వేల మీద బుద్ధిగా కూర్చుని ఉంది. ఆయిలు చూసింది. తగ్గలేదు. వెనక్కెళ్లి గొట్టం దగ్గర వంగి చూసింది. పొగ లేదు.

"కూర్చున్నాయి నాన్నా," అని అతని భుజం మీద చెయ్యి వేసింది. మూడొందల మైళ్లు దాటాయి కదా, పుస్తకం వాడు అబద్ధమెందుకు రాస్తాడు అంది. హెక్టర్ తల ఊపాడు.

రెడ్‌ఫెర్న్ పొట్టి మనిషి. కళ్లజోడు దారంతో మెడకి కట్టుకుని, చెయ్యి ఇవ్వడానికి ముందు మోచేతిదాకా తుడుచుకుంటాడు. వాన కూడా వెంట తెచ్చారా, మాకిక్కడ సరిపడా ఉందే అన్నాడు. ఇంజను బాగుంటే పిల్ల గొప్ప, బాలేకపోతే మీ కొండల తప్పు అని హెక్టర్‌తో అన్నాడు. ఆ తర్వాత ఇంక హాస్యాలాడలేదు. ప్లగ్గులు నాలుగూ తీసి కాగితం మీద వరసగా పెట్టాడు. ఒక్కో రంధ్రంలో గడియారంలాంటి సాధనం గుచ్చి ఒత్తిడి కొలిచి, అంకె సుద్దముక్కతో బల్ల మీద రాశాడు. నాలుగు అంకెలూ కవల పిల్లల్లా ఒకేలా ఉన్నాయి. సన్నటి దీపపు గొట్టం లోపలికి దించి చాలాసేపు చూశాడు.

"మూడు వేలు దాటకుండా తోలావా?"

"దాటలేదండి. ఒక్కసారి కూడా," అంది ఎఫీ.

"అయితే ఈ ఇంజను అబద్ధాలాడుతోంది."

ఆమెకి అర్థం కాలేదు. రెడ్‌ఫెర్న్ దీపం ఆర్పి విడమరిచి చెప్పాడు. పుస్తకం పట్టుకుని, ముసలమ్మని చర్చికి తీసుకెళ్తున్నట్టు తోలితే రింగులు సిలిండరు గోడని పట్టవు. గోడ గాజులా నునుపు తేలుతుంది. ఇక అది బతికినన్నాళ్లూ ఆయిలు తాగుతూనే ఉంటుంది. తన దగ్గరికి వచ్చినవాళ్లలో సగం మంది అక్కడే తప్పుతారట. ఇంత బాగా కట్టి, అంత భయంగా తోలుకొచ్చి, చేజేతులా పాడుచేసుకుంటారు.

"దీన్ని ఎవరో కొండెక్కించారు. గట్టిగా తొక్కారు, పల్లంలో గేరు తియ్యకుండా వదిలారు. సరిగ్గా చెయ్యాల్సింది అదే. ఎవరది?"

ఎఫీ తండ్రి వైపు తిరిగింది.

"నేనే," అన్నాడు హెక్టర్.

రెడ్‌ఫెర్న్ వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. పాత చెయ్యి అంటే పాత చెయ్యే, ఇది పుస్తకాల్లో రాదు, అమ్మాయ్ నీ అదృష్టం ఈ ముసలాయన అన్నాడు. పనివాళ్లిద్దరు తలెత్తి హెక్టర్ వైపు మర్యాదగా చూశారు. బల్ల నీదే అని ఎఫీతో చెప్పి, కాగితం తెస్తానని లోపలికెళ్లాడు.

ఎఫీ గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"పెన్రిత్ దాటాకనా?"

"ఆఁ."

"ఎంతదాకా?"

"అయిదున్నర."

ఆమె గుడ్డని మడిచింది, మళ్లీ మడిచింది.

"ఇలా మంచే జరుగుతుందని నీకు తెలుసా నాన్నా?"

తెలుసు అంటే సరిపోయేది. ఆ షెడ్లో అందరూ అదే నమ్మారు. ఆమె కూడా అదే వినాలని, అతని నోటి కేసి చూస్తూ నిలబడింది. అబద్ధమైనా పుచ్చుకునేలా ఉంది ఆ చూపు.

"తెలీదు," అన్నాడు హెక్టర్.

ఆమె తల ఒక్కసారి కిందికీ మీదికీ కదిలింది. సంతలో బేరం కుదిరినప్పుడు గొర్రెలవాళ్లు ఆడించినట్టు.

రెడ్‌ఫెర్న్ కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. కళ్లజోడు పెట్టుకుని వరసగా చదివాడు. జీతం, పొద్దున ఏడున్నరకి రావడం, షెడ్డు పైన గది. అన్నింటికీ ఆమె సరేనంది.

"నీ ఉత్తరంలో రాశావు చూడు, ఏటా గొర్రెలు ఈనే అయిదు వారాలూ ఇంటికెళ్లాలి, అది ఒప్పుకుంటేనే వస్తానని. మా ఆవిడ నవ్విందనుకో, ఇంజన్ల మనిషికి మంత్రసాని సెలవేమిటని. అయినా రాశాను. ఇదిగో, ఇక్కడ."

హెక్టర్ ఆ కాగితం మీద రెడ్‌ఫెర్న్ వేలు పెట్టిన చోటు చూశాడు. ఎఫీ ఆ ఉత్తరం ఎప్పుడు రాసిందో అతనికి తెలియదు. ఆగస్టులోనో, అంతకుముందో. అతను దీపం పట్టుకుని నిలబడిన సాయంత్రాల్లోనే ఎప్పుడో.

"అది కొట్టెయ్యండి," అంది ఎఫీ.

"కొట్టెయ్యాలా?"

"అక్కర్లేదు."

రెడ్‌ఫెర్న్ ఒకసారి ఆమెని, ఒకసారి తండ్రిని చూసి, కలం తీసుకుని ఆ వరస మీద అడ్డంగా గీత గీశాడు. గీత పక్కన ఆమె సంతకం పెట్టింది. కింద మరో సంతకం పెట్టింది. సాక్షి సంతకం కావాలంటే, మీ నాన్న ఉన్నారు కదా అని రెడ్‌ఫెర్నే కలం హెక్టర్‌కి అందించాడు. అతను పెట్టాడు. గన్ అన్న ఇంటిపేరు మొదట సగమే పడింది, మళ్లీ దిద్దాడు.

పక్క వీధిలో తినే చోటు ఉందని, మాంసం కూరిన రొట్టె బాగుంటుందని చెప్పి రెడ్‌ఫెర్న్ వాళ్లని సాగనంపాడు. ఇద్దరూ నడిచే వెళ్లారు. హెక్టర్ మోకాలి మూలంగా ఆమె ఎప్పుడూ నెమ్మదిగా నడిచేది. ఇప్పుడు కూడా నెమ్మదిగానే నడిచింది, రెండడుగులు ముందు.

కిటికీ పక్క బల్ల దొరికింది. రెండు పళ్లేలొచ్చాయి. మాంసం రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు, బఠాణీలు. ఆమె టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. పొద్దున్నించీ ఏమీ తినలేదు, ఇద్దరూ. అతను రొట్టె అంచు విరిచాడు. ఆవిరి లేచింది. ఆమె తల వంచుకుని, దుంపని ముక్కలు చేసి, ఒక్కొక్కటీ నమిలి మింగింది. అతను కూడా తిన్నాడు. ఉప్పు చాల్లేదు గాని అడగలేదు.