అంజనప్ప ఇంటి పచ్చనీళ్లు

హిందూపురం జనానికి తేటనీళ్లు పంపే పనిలో అంజనప్ప ముప్పై నాలుగేళ్లు గడిపాడు. ఊరి బయట ఫిల్టర్ హౌస్‌లో ఆపరేటరు. బురదగా వచ్చిన నీళ్లలో ఎంత పటిక వేయాలో, ఇసుక పరుపులను ఎప్పుడు కడగాలో, క్లోరిన్ ఎంత కలిపితే జనం ముక్కు మూసుకోకుండా తాగుతారో ఆయన చేతికి తెలుసు. కానీ కుళాయి తిప్పి బిందె పట్టేవాళ్లకు ఆ నీళ్ల వెనక ఒక మనిషి ఉంటాడన్న సంగతి తట్టదు. నీళ్లు రాని రోజు మాత్రం ఆయన ఇల్లు యాడుందో ఊరందరికీ తెలిసేది.

రిటైరైన రోజు శాలువా, గోడ గడియారం కాకుండా కొత్తగా ఏదైనా ఇవ్వాలని ఆయన కింద పనిచేసిన దేవేంద్ర పట్టుబట్టాడు. అందరూ కలిసి రెండడుగుల గాజుతొట్టి, అందులో ఏడు గోల్డ్ ఫిష్‌లు తెచ్చిచ్చారు.

"నీళ్లు లేకుంటే నీకు తోచదు కదన్నా. ఇదీ నీ ఇంటి ఫిల్టర్ హౌస్. ఒకనాడు అందరం వచ్చి చూసిపోతాం" అన్నాడు దేవేంద్ర.

అంజనప్ప తొట్టిని నడవలో కిటికీ పక్కనే పెట్టించాడు. వీధిలో పోయేవాళ్లకు కనబడాలని ఆయన ఉద్దేశం. పొద్దున పది గంటల దాకా ఎండ నేరుగా నీళ్లలో దిగేది. చేపలు బంగారు ముక్కల్లా మెరిసేవి. పన్నెండో రోజుకు గాజు లోపల పల్చగా పచ్చపొర పట్టింది. ఇరవయ్యో రోజుకు చేపలు కాదు గదా, తొట్టిలో నీళ్లున్నాయో పెసరపిండి కలిపి పెట్టారో చెప్పడం కష్టమైంది.

ఎదురింటి పోతులయ్య రిటైరైన బస్సు కండక్టరు. రోజూ పొద్దున ఈ ఇంట్లోనే పేపరు చదువుతాడు. తన ఇంట్లో పేపరు వేయించుకోడు. ఆ రోజు పేపరు మడిచి పక్కన పెట్టి, తొట్టి దగ్గరికి వంగి చూశాడు.

"ఏమబ్బా అంజనప్పా, ఊరంతటికీ నీళ్లు తేటచేసినోడివి. నీ ఇంట్లో ఈ పాచి ఏంది?"

ఆ మాట అంజనప్పకు ముల్లులా దిగింది. "నిలవ నీళ్లప్పా. రెండు దినాల్లో సర్దుకుంటాయి" అన్నాడు.

పోతులయ్య పోయీ పోగానే ఆయన పనిలోకి దిగాడు. తొట్టి నీళ్లు అయిదు గ్లాసుల్లో పోసి, ఒక్కో గ్లాసులో ఒక్కో మోతాదు పటిక వేసి, కలిపి, గడియారం చూస్తూ కూర్చున్నాడు. మూడో గ్లాసు బాగా తేరుకుంది. అదే లెక్కన తొట్టిలో వేశాడు. పచ్చదనం అడుక్కి దిగింది. దాంతోపాటే ఒక చేప కూడా పొట్ట పైకి తిప్పేసింది. పటికకు ఊరి జనం తట్టుకున్నారు గాని, గోల్డ్ ఫిష్ తట్టుకోలేదు. చేప లెక్క ఆరుకు వచ్చింది. నాలుగు రోజులకు పచ్చదనం మళ్లీ లేచింది.

ఆ తర్వాత గాజు రుద్దాడు. నీళ్లన్నీ తోడిపోసి, డ్రమ్ములో ఒక రోజు నిలవ ఉంచిన కొత్త నీళ్లు పోశాడు. అడుగున పరిచిన గులకరాళ్లను జల్లెడలో వేసి ఫిల్టర్ ఇసుకను కడిగినట్టు కడిగాడు. పాతనీళ్లను మోరీలో పారబోయకుండా ఆయన భార్య రామాంజినమ్మ బకెట్లతో పట్టుకుని మిద్దెపైకి మోసుకుపోయేది. నీళ్లు నాలుగు రోజులకొకసారి వచ్చే వీధిలో అది మామూలు పొదుపే కాబట్టి ఆయన పట్టించుకోలేదు.

చివరికి తొట్టిని కిటికీ దగ్గరనుంచి లోపలి మూలకు జరిపి, గుడిబండలో కొన్న నల్ల కంబళి చుట్టూ కప్పేశాడు. నాలుగు రోజులు చేపలకు పగలూ రాత్రీ తెలియలేదు. అయిదో రోజు కంబళి తీస్తే నీళ్లు అద్దంలా ఉన్నాయి. అంజనప్ప ఆ పొద్దు రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాడు. పది రోజులు గడిచాయి. తొట్టి మూలలో మళ్లీ ఆ పల్చని పచ్చపొర.

అప్పుడు పోతులయ్యే చెప్పాడు, ధర్మవరంలో మంజులత అని ఒకామె చేపల అంగడి పెట్టింది, ఆమెకు ఇవన్నీ తెలుసని. తెలియని సంగతి ఇంకొకరిని అడగడం అంజనప్పకు అలవాటు లేదు. అయినా వచ్చే వారం దేవేంద్రవాళ్లు వస్తామన్నారు. పొద్దున్నే ప్యాసింజరెక్కి, పెనుకొండ కొండ కిటికీలోంచి వెనక్కి పోతుంటే చూస్తూ, ఏం అడగాలో ఎట్లా అడగాలో మనసులో సర్దుకున్నాడు.

మంజులత ఇంటి ముందు గదిలో తొట్లు, వెనక గదిలో మగ్గం. మాట్లాడుతున్నంతసేపూ లోపల్నుంచి మగ్గం చప్పుడు వస్తూనే ఉంది. ఆమె భర్త పట్టుచీర నేస్తున్నాడు. ఆమె చేతులు తుడుచుకుని బల్లమీద కూర్చుంది.

"నేను వాటర్ వర్క్స్‌లో చేసినోణ్ణమ్మా" అని మొదలుపెట్టాడు అంజనప్ప. పటిక, జల్లెడ, కంబళి అన్నీ వరుసగా చెప్పాడు.

ఆమె చివరిదాకా విని ఒకే మాట అడిగింది. "మేత ఎంత ఏస్తాండావన్నా?"

"పొద్దున ఒక చిటికెడు. అంతే."

ఆమె ఒక కాగితం పరిచి, మేత డబ్బా ఆయన ముందుకు తోసింది. "ఏదీ, ఆ చిటికెడు ఇక్కడ వెయ్యి."

అంజనప్ప వేళ్లు వాల్వులు తిప్పిన వేళ్లు. కాగితంమీద మేత చిన్న కుప్పగా పడింది. మంజులత అందులోంచి గోటితో కొంచెం పక్కకు తీసింది. "ఆరు చేపలకు ఇది చాలు. మిగిలిందంతా అడుక్కుపోయి కుళ్లి ఎరువైతాది. పాచికి కావాల్సింది రెండే. వెలుతురు, ఎరువు. వెలుతురు నువ్వు మూసినావు. ఎరువు మూయలేదు."

"ఇంతమాత్రానికే అంత పాచి పడుతుందా?"

"పడదు. అందుకే అడుగుతాండా. ఇంట్లో ఇంకెవరు ఏస్తాండారు?"

"ఇంకెవరేస్తారమ్మా. ఉండేదే ఇద్దరం."

మంజులత లేచి ఒక తొట్టిలో చెయ్యి పెట్టింది. నీళ్లలో వేసుకోను నాలుగు కట్టల మొక్కలిచ్చి, మేత ఎంతవరకు ఉందో డబ్బా మీద పెన్నుతో గీత పెట్టుకొమ్మని చెప్పింది.

ఆయన గీత పెట్టాడు. మూడు రోజులకు మేత గీతకంటే రెండు వేళ్లు కిందికి దిగింది. ముప్పై నాలుగేళ్లు మీటరు చదివినవాడికి ఆ తేడా ఎంతో చెప్పడానికి ఇంకొకరు అక్కర్లేదు.

నాలుగో రోజు పొద్దున, పెనుకొండలో పనుంది, మధ్యాహ్నానికి వస్తానని చెప్పి బయటికి నడిచాడు. భార్యతో ఆయన ఆడిన మొదటి అబద్ధం అదేనేమో, చెప్పులు తారుమారుగా వేసుకుని వెళ్లాడు. వీధి చివర టీ అంగట్లో అరగంట కూర్చుని, వెనక్కి వచ్చి కిటికీ పక్కన గోడకానుకుని నిలబడ్డాడు. అరవై ఏళ్ల మనిషి సొంత ఇంట్లోకి దొంగచూపు చూడటం ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని ఒక కన్ను వీధిమీదే ఉంచాడు.

లోపల పోతులయ్య పేపరు చదువుతున్నాడు. జేబులో బొరుగులు. తాను రెండు నమిలి, తొట్టిలో రెండు వేస్తున్నాడు. "తినండిరా, మీ అయ్య మీ కడుపులు ఎండబెడతాండాడు" అంటున్నాడు చేపలతో. ఆయన పోయిన పది నిమిషాలకు రామాంజినమ్మ వచ్చింది. డబ్బా మూత తీసి, గుప్పెట్లో సగం వంపింది. చెంబుతో తొట్టి అడుగునుంచి నాలుగు చెంబుల నీళ్లు బకెట్లోకి తోడుకుంది. పైన అన్నే చెంబుల మంచినీళ్లు పోసి, ఏమీ ఎరగనట్టు మిద్దె మెట్లెక్కింది.

అంజనప్ప వెనకే ఎక్కాడు. మిద్దె మీద పాత పెయింట్ డబ్బాల్లో ఇరవైకి పైగా కనకాంబరం చెట్లు. ఆయన ఎప్పుడో ఆకులు చూశాడు గాని, ఆ ఎర్రని పూలు అంత ఒత్తుగా ఉండటం ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో గాజుతొట్టి ముందు రెండు నెలలు కూర్చున్నవాడికి మిద్దె ఎక్కే తీరిక యాడిది.

"చేపలకు మేత ఎవరు వేస్తాండారే?" అన్నాడు.

రామాంజినమ్మ ఉలిక్కిపడలేదు. బకెట్లో నీళ్లు వంపడం అయ్యేదాకా ఆగి, నడుము నిటారు చేసింది. "నేనే. పోతులయ్యన్న కూడా. నువ్వు కూడా."

"నేను పొద్దున ఒకసారే."

"పొద్దున ఒకసారి. సాయంత్రం వాకింగ్ నుంచి వచ్చి ఒకసారి. వార్తలు చూస్తా ఇంకొకసారి."

సాయంత్రం వేసేది మేత కాదు, పలకరింపు అని అంజనప్పకు చెప్పాలనిపించింది. కానీ అడిగింది వేరే. "పాచి పడుతుందని తెలిసి కూడా నువ్వెందుకు వేసినావు?"

"పాచి పడాలనే." ఆమె ఒక రెమ్మ వంచి చూపించింది. "నువ్వు ఫిల్టర్ చేసిన నీళ్లు ముప్పై ఏండ్లు పోసినా. ఒక్క చెట్టుకన్నా ఇట్ల పూత వచ్చిందా? ఈ రెండు నెలలనుంచే పూస్తాండాయి. నువ్వు కంబళి కప్పినప్పుడు నాలుగు దినాలు మొగ్గలన్నీ వాలిపోయినాయి. ఎవరికి చెప్పుకోవాలా?"

అంజనప్పకు కోపం వచ్చింది. ఎవరిమీదో తేలలేదు. ఆ మధ్యాహ్నమే మేత డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాడు. పొద్దున గోటిమీద పట్టేంత తీసి వేయడం, మళ్లీ తాళం. పోతులయ్యకు బొరుగులు ఇంట్లోనే తిని రమ్మని చెప్పాడు. దేవేంద్రవాళ్లను నెలాఖరుకు రమ్మని ఫోను చేశాడు.

మూడు వారాల్లో నీళ్లు తేరుకున్నాయి. ఎంతగా అంటే, తొట్టి అవతల గోడమీద క్యాలెండరులోని తేదీలు చదువుకోవచ్చు. నెలాఖరు ఆదివారం దేవేంద్రతోపాటు అయిదుగురు వచ్చారు. ఉప్మా తిన్నారు, కాఫీ తాగారు. ఒకాయన తొట్టివైపు ఒకసారి తిరిగి, "బాగుండాదన్నా" అన్నాడు. తర్వాత రెండు గంటలు డీఏ బకాయిల గురించి మాట్లాడుకున్నారు. పోతూ పోతూ ఒకరు తమ చేతి సంచీని తొట్టి మూతమీద పెట్టి, మళ్లీ తీసుకుని వెళ్లారు. తేటనీళ్లను ఎవరూ చూడరన్నది అంజనప్పకు కొత్త సంగతేమీ కాదు. ఆయన మర్చిపోయాడంతే.

పోతులయ్య తన ఇంటికే పేపరు వేయించుకున్నాడు. మిద్దెమీద కనకాంబరాలు ఒకటొకటిగా వెలవెలబోయాయి.  శుక్రవారం నాడు రామాంజినమ్మ బజారు నుంచి మూర పూలు కొని తెచ్చుకుని, మొగుడి ముందే తలలో పెట్టుకుంది. ఆ మూర పూలు అంజనప్పకు పోతులయ్య మాటకంటే లోతుగా దిగాయి.

ఒకనాడు పక్కింటి సుచిత్ర చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కొత్తగా పెళ్లయి వచ్చిన పిల్ల. "రామాంజినమ్మక్క ఇస్తాండె కదప్పా, చేపల నీళ్లు. ఇప్పుడు లేవంట. మా గులాబీకి కొంచెమన్నా దొరకవా?" అని అడిగింది. ఆమెతోపాటు ఇంకో రెండిళ్లకు కూడా రామాంజినమ్మ ఆ నీళ్లు పంచుతున్నదని అప్పుడు తెలిసింది.

మర్నాడు అంజనప్ప మళ్లీ ధర్మవరం ప్యాసింజరెక్కాడు.

"పాచి పోయిందా అన్నా?" అంది మంజులత.

"పోయిందమ్మా." కొంచెంసేపు తొట్లకేసి చూశాడు. "ఇప్పుడు పాచి పట్టాలంటే ఏం చేయాలా?"

మంజులత లోపలికి తిరిగి, "ఒకసారి మగ్గం ఆపు" అంది భర్తతో. చప్పుడు ఆగింది. "మళ్లీ చెప్పన్నా."

ఆయన మళ్లీ చెప్పాడు, ఈసారి మొదటినుంచి. ఆమె నవ్వలేదు. పాచి పోవాలని వచ్చేవాళ్లు వారానికి పదిమంది, కావాలని వచ్చింది నువ్వొక్కడివే అంది. నడవలో తొట్టిని అట్లే ఉండనీ, మిద్దెమీద ఎండలో వెడల్పాటి సిమెంటు తొట్టి పెట్టుకో, దాంట్లో నాటు చేపలు వదులు, మేత విషయంలో నీ చిటికెడే పట్టు అని చెప్పింది.

నెల తిరిగేసరికి మిద్దెమీద నీళ్లు చిక్కగా, మెంతికూర రసంలా తయారయ్యాయి. అంజనప్ప రోజూ పొద్దున ఒక గాజు గ్లాసులో పట్టుకుని వెలుతురుకెత్తి చూస్తాడు. రంగు పల్చనైతే ఇంకొక చిటికెడు, మరీ చిక్కనైతే ఒక బిందె కొత్తనీళ్లు. పాత నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంటున్నాడు. కింద నడవలో గోల్డ్ ఫిష్‌లు తేటనీళ్లలో తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఇప్పుడు రామాంజినమ్మే చూసుకుంటుంది.

మంగళ, శుక్రవారాలు నీళ్లు వదలడం. ఏడు గంటలకే మెట్లమీద బకెట్లు వరుసగా చేరతాయి. సుచిత్ర, వీధి చివరి ఇంటివాళ్లు, ఈమధ్య పోతులయ్య భార్య కూడా. అంజనప్ప పైమెట్టుమీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఇంటికి ఒక బకెట్టు, అంతకంటే చుక్క ఎక్కువ ఇవ్వడు. పోయిన శుక్రవారం పడిశం పట్టి ఆయన మంచం దిగలేదు. ఎనిమిది కాకముందే ముగ్గురు ఆడవాళ్లు మంచం పక్క కిటికీ దగ్గరికి వచ్చి, ఒంట్లో ఎట్లుందని అడిగారు. వాళ్లలో ఒకామె కషాయం కూడా కాచి తెచ్చింది. ముప్పై నాలుగేళ్లలో తేటనీళ్ల కోసం ఆయన ఇంటికి వచ్చినవాళ్లెవరూ కషాయం తేలేదు.

"ఈ పొద్దు నీళ్లు ఇడుస్తావా అప్పా, రేపు రమ్మంటావా?" అంది పోతులయ్య భార్య, కషాయం గ్లాసు అందిస్తూ.

"సాయంత్రం నాలుగింటికి ఇడుస్తా. బకెట్లు వరుసలో పెట్టి పోండి" అన్నాడు అంజనప్ప.