నీలం చెక్క కదలనన్న రోజు

ఆ పొద్దున ఆకాశం నేలమీదికి దిగి కూర్చుంది. నాలుగు రోజులుగా ముసురు. మా సీమలో ముసురు పట్టడమే ఒక వింత. పట్టిందంటే మాత్రం గోడలకు, గొంగళ్ళకు, మనుషుల మాటలకు కూడా చెమ్మ పట్టేస్తుంది. జీపు వెనక సీటులో నన్ను నిలబెట్టారు. పట్టా చిరుగులోంచి తుంపర నా మీద పడుతోంది. పడనీ అనుకున్నాను. ఎంత తాగగలనో అంతా తాగాను.

నేను ఒక చెక్క చట్రాన్ని. రెండు మూరల పొడవు, మూరెడు ఎత్తు. నాలో మూడు చెక్కలు పక్కపక్కన నిలబడి ఉంటాయి. ఎర్రది పని చేసేవాడిది. పసుపుది దేన్ని చేస్తాడో దానిది. నీలంది పనిది. చెక్కల మీద సుద్దముక్కతో మాట రాసి తుడుచుకోవచ్చు. ‘రంగన్న’, ‘ముద్ద’, ‘తింటాడు’ అని రాస్తే తెలుగు. నీలం చెక్కను పట్టుకొని పసుపు చెక్క మీదుగా నడుమకు లాగి, పసుపును చివరికి నెడితే ఇంగ్లీషు. నేను చేసే పని అంతే. ఆ మాత్రం దానికోసం ఒక మనిషి నా వీపు తోలు తీయించాడంటే మీరు నమ్మరు. అందుకే చెబుతున్నాను.

మా ఊరు జాజిరాళ్ళపల్లి. ఆంధ్రా బస్సు ఆగి, కన్నడం బస్సు మొదలయ్యే చోటు. బళ్ళో సగంమంది పిల్లలు ఇంట్లో తెలుగు, పావువంతు కన్నడం, మిగిలినవాళ్ళు తురకం మాట్లాడతారు. ఇంగ్లీషు గంటలో మాత్రం అందరూ ఒకే తప్పు చేసేవాళ్ళు. “రంగన్న ముద్ద ఈట్స్” అనేవాళ్ళు. హెడ్మాస్టరు సంజీవప్ప సారు ఇరవై ఏళ్ళుగా ఆ తప్పును బెత్తంతో దిద్దుతూ వచ్చాడు. అరచేతులు వాచాయి, తప్పు పోలేదు.

అప్పుడు వచ్చింది మారెక్క. ఎస్సీ కాలనీ పిల్ల. ఏడాదికోసారి హెడ్మాస్టరు సంతకం పెడితేనే నిలిచే వాలంటీరు టీచరు. మాట తక్కువ, చూపు ఎక్కువ. మొదటి వారం ఆమె పాఠమే చెప్పలేదు. పిల్లలు మాట్లాడుతుంటే విన్నది. ఒకరోజు అటెండరు హుసేన్ పీరాను పిలిచింది.

“రంగన్న ముద్ద తింటాడు అనేదాన్ని మీ ఇంట్లో ఎట్లంటారు మామా?”

“రంగన్నా ముద్దా ఖాతా.”

కన్నడం పిల్లను అడిగింది. “రంగణ్ణ ముద్దె తింతానె” అన్నది ఆ పిల్ల.

మారెక్క కాసేపు ఆలోచించింది. మూడు ఇళ్ళలోనూ పని మాట చివరే కూర్చుంది. ముద్ద ముందు వస్తుంది, తినడం తర్వాత వస్తుంది. ఇంగ్లీషోడు మాత్రం ముద్ద కనబడకముందే తినేస్తాడు. పిల్లలు చేస్తున్నది తప్పు కాదు, వాళ్ళు ఇంగ్లీషును తమ ఇంటి వరసలో కూర్చోబెడుతున్నారు. చూపించాల్సింది ఒక్క కదలిక. దాన్ని నోటితో చెబితే ఎక్కదు, చేత్తో జరిపి చూపాలి.

ఆ సాయంత్రమే వడ్రంగి కాళాచారి ఇంటికి పోయింది. అతను పనిముట్ల పెట్టె మూతను గాడిలో అటూ ఇటూ జరుపుతుంటే చాలాసేపు చూసి, “ఒక చెక్క ఇంకో చెక్క మీంచి దాటుకోని పోవల్ల మామా. అయితాదా?” అన్నది.

“రెండు గాళ్ళు తీస్తే అయితాది. యాలనో చెప్పు.”

ఎందుకో చెప్పింది. కాళాచారి నవ్వాడు. అతను మూడో తరగతిలో ఆ తప్పుకే దెబ్బలు తిని బడి మానినవాడు.

బళ్ళో విరిగిన బెంచీ వేపచెక్కతో నన్ను చేశాడు. తొమ్మిది రోజులు పట్టింది. వెనక గాడిలో ఎరుపు, పసుపు. ముందు గాడిలో నీలం. గాళ్ళకు రంగు తగలనివ్వలేదు. తేనెపట్టు మైనం ముద్దచేసి, వేలితో అరగంట రుద్దాడు. “ఈ గాళ్ళకు మైనం తప్ప ఏమీ పూయొద్దు పాపా. ఏం పూసినా పట్టేస్తాది” అని చెప్పి మైనం ముక్క ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. చివరికి నా వీపు మీద ఉలితో ‘మారెక్క పాఠం, కాళాచారి పని’ అని చెక్కాడు. తన పేరు ఎందుకని ఆమె అడగలేదు. ఎందుకో అతనూ చెప్పలేదు.

మూడు నెలల్లో పిల్లల నోళ్ళలో ఇంగ్లీషు వరస మారింది. బెత్తం బీరువా మీద దుమ్ముపట్టింది. అది సంజీవప్ప సారుకు నచ్చలేదు. జిల్లాలో బోధనోపకరణాల మేళా పెడుతున్నారని కాగితం వచ్చినప్పుడు మాత్రం నేను ఆయనకు బాగా నచ్చాను.

“దీన్ని నేను తీసకపోతానమ్మా” అన్నాడు.

“మంచిది సార్. యెనక పేర్లు ఉండాయి, చూసుకోండి.”

“ఒక చట్రానికి ఒక పేరే ఉండల్లని రూలమ్మా. వాలంటీరు పేరు పెడితే బడికి నామోషీ. నీ కాయితం జూన్ నెలలో నా దగ్గరికే గదా వచ్చేది?”

ఆ మాటకు ఆమె నన్ను ఆయన ముందుకు జరిపింది. జీతం పెంచమని ఆమె ఎన్నడూ అడగలేదు, శాలువా కప్పమని అడగలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ పాఠం తనదని నలుగురిలో ఎవరైనా ఒక్కసారి ఒప్పుకోవాలి. ఆ ఒక్కదాన్నే ఆయన అడ్డగించాడు.

నన్ను టౌనుకు తీసుకుపోయాడు. అక్కడి వడ్రంగి, ఎవరో పాపం, చెప్పిన పని చేశాడు. నన్ను బోర్లా పడుకోబెట్టి వీపు మీద చిత్రిక పట్టాడు. రెండు పేర్లు, రెండు పొట్టు చుట్టలై నేలమీద దొర్లాయి. అక్షరాలు లోతుగా ఉన్న చోట ఇంకా లోతుకు పోయాడు. వీపంతా గుంతలు పడింది. తర్వాత సంజీవప్ప సారు “మెరవల్లప్పా, అద్దం మాదిరి మెరవల్ల” అన్నాడు. ఆ వడ్రంగి ఒళ్ళంతా వార్నీషు పూశాడు. గాళ్ళలోనూ పూశాడు. ముందువైపు బంగారు రంగుతో సారు పేరు, చదువు, హోదా రాయించారు. హోదా నీలం చెక్క కంటే పొడవైంది.

చెక్కకు కోపం రాదనుకుంటారు మనుషులు. చీమ కుడితే చెయ్యి విదిలించేవాళ్ళు, చిత్రిక పట్టిన చెక్క మాత్రం ఊరుకుంటుందని ఎట్లా అనుకుంటారో. నేను ఆ రోజే గట్టిగా అనుకున్నాను. వీడి చేతిలో కదలను.

కాబట్టి ఆ పొద్దున మేళాకు పోయే జీపులో నేను నీళ్ళు తాగుతున్నాను. గాళ్ళలో సరిగా ఆరని వార్నీషు మెత్తబడుతోంది, చెక్క ఉబ్బుతోంది. మారెక్క నా పక్కనే కూర్చుంది. ‘సుద్దముక్కలు అందించే’ పనికి ఆమెను రమ్మన్నాడు. ఆమె చేతిసంచిలో మైనం ముక్క ఉంది, చిన్న ఇనుప స్కేలు ఉంది. గాడి గీకి మైనం రుద్దితే ఎంత బిగిసినా నేను వదులవుతానని ఆమెకు తెలుసు.

హాలులో రెండు వందలమంది టీచర్లు. ముందు వరసలో పైనుంచి వచ్చిన అధికారిణి. సంజీవప్ప సారు జరీ కండువా వేసుకొని వేదిక ఎక్కాడు. రేయింబవళ్ళు ఆలోచించి ఈ చట్రాన్ని సొంతంగా కనిపెట్టానన్నాడు. ప్రపంచ భాషలన్నీ ఇందులో ఇమిడి ఉన్నాయన్నాడు. నా మీద ‘రంగన్న ముద్ద తింటాడు’ అని రాశాడు.

“ఇప్పుడు చూడండి, క్రియ నడుమకు వస్తాది” అని నీలం చెక్క పట్టుకొని లాగాడు.

నేను ఊపిరి బిగబట్టాను.

మళ్ళీ లాగాడు. రెండు చేతులా లాగాడు. కాలు వేదికకు తన్నిపెట్టి లాగాడు. నేను ఒళ్ళంతా కదిలి ఆయన వెంట వచ్చాను కానీ నీలం చెక్క గోరంత కూడా జరగలేదు. వెనక ఎవరో “రంగన్న ఇంకా తింటానే ఉన్నాడు సార్” అన్నారు. హాలు గొల్లుమంది.

“చెమ్మకు పట్టేసినట్టుంది మేడం” అన్నాడు సారు, చెమట తుడుచుకుంటూ.

“మీరు సొంతంగా చేసిందే కదా? ఎక్కడ పట్టేసిందో మీకు తెలియాలి.”

“ఏమ్మా మారెక్కా, చూస్తాండావే! రా, తియ్యి!”

మారెక్క లేచింది. చేతిసంచి తెరిచింది. మైనం ముక్క వైపు ఒకసారి చూసింది. సంచి మూసేసింది.

“నాకేం తెలుసు సార్. మీ చట్రం గదా” అన్నది.

నేను వేపచెక్కను. చేదు నాకు పుట్టుకతో వచ్చిన రుచి. కానీ ఆ మాటంత తియ్యనిది నేను ఎన్నడూ వినలేదు.

అధికారిణి ఆమెను పరీక్షగా చూసింది. “ఈ పాఠం నువ్వు చెప్పగలవా?”

“చెప్తాను మేడం. ఈ చట్రం నాకొద్దు. ముగ్గురు మనుషులు కావల్ల.”

ముందు వరసలోంచి ఒక టీచరమ్మను పిలిచింది. “మీరు రంగన్న.” ఇంకొక లావుపాటి లెక్కల సారును పిలిచింది. “మీరు ముద్ద, కోప్పడొద్దు.” నవ్వులు. తర్వాత తలతిప్పి, ఏ తడబాటూ లేకుండా అన్నది. “సంజీవప్ప సార్, మీరు క్రియ. చివర నిలబడుకోండి.”

రెండు వందలమంది చూస్తున్నారు. కాదనడానికి వీల్లేదు. నిలబడ్డాడు.

“ఇది తెలుగు. రంగన్న, ముద్ద, తింటాడు. ఇంగ్లీషుకు రాండి సార్.”

సారు నడుమకు వచ్చాడు. ముద్ద చివరికి జరిగింది.

“రంగన్న ఈట్స్ ముద్ద. కన్నడానికి పోండి సార్.”

చివరికి పోయాడు.

“ఇంగ్లీషుకు రాండి.”

వచ్చాడు.

“ఉర్దూకు పోండి. హిందీ గూడా ఆడనే, నిలబడుకోండి. మళ్ళా ఇంగ్లీషుకు రాండి సార్. బిన్నే, తొందరగా రాండి, వాక్యం ఆగిపోయింది.”

హాలంతా ఆమెతో పాటు చదవడం మొదలుపెట్టింది. ఆయన ఎక్కడికి నడిస్తే ఆ భాష అరుస్తున్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన అంత నడిచి ఉండడు.

“ఇప్పుడు ప్రశ్న” అన్నది మారెక్క. “తెలుగులో అయితే ‘తింటాడా’ అని చివర ఒక్క దీర్ఘం తీస్తే చాలు. ఎవరూ కదిలే పన్లేదు. ఇంగ్లీషులో క్రియ తన మీదున్న ‘స్’ను తీసి ఇంకొకరికిచ్చి ముందుకు పంపల్ల.” గుమ్మం దగ్గరున్న వాచ్‌మన్‌ను పిలిచి రంగన్న కంటే ముందు నిలబెట్టింది. సంజీవప్ప సారు దగ్గరికి వచ్చి, మర్యాదగానే, ఆయన మెడలోని జరీ కండువా తీసింది. వాచ్‌మన్ భుజాన వేసింది. “ఈయన డజ్. ‘స్’ ఈయన మీదికి పోయింది. క్రియకు ఇంక ఏమీ లేదు, ఉత్త ఈట్. చదవండి.”

“డజ్ రంగన్న ఈట్ ముద్ద?”

కప్పు ఎగిరిపోయేట్టు చదివారు. సారు బోడి మెడతో నడుమ నిలబడి ఉన్నాడు. ఒక్క రోజులో అంత చూశాను నేను. చిత్రిక పట్టిన గుంతలు ఒక్కొక్కటే చల్లబడ్డాయి.

ఒక చిన్న మాట ఒప్పుకోవాలి. నేను లేకుండానే ఆమె పాఠం నడిచింది, నాతోకంటే బాగా నడిచింది. అది నాకు కాస్త గుచ్చుకుంది. పగ తీరుతున్నప్పుడు అలాంటివి పట్టించుకోకూడదు.

అధికారిణి పుస్తకం తీసింది. “ఈ పాఠం ఎవరిది? పేరు చెప్పు.”

“మారెక్క. చట్రం పని కాళాచారిది.”

“అవునా సంజీవప్పగారూ?”

సారు నా వైపు చూశాడు, వాచ్‌మన్ వైపు చూశాడు.

“అవును మేడం” అన్నాడు.

బహుమతి ఆమెకు రాలేదు. నీళ్ళ పంపు నమూనా చేసిన ఎవరో సైన్సు సారుకు వచ్చింది. మారెక్క దాని సంగతే తలచలేదు. తిరుగు జీపులో ఆమె మొహం చూసినవాళ్ళు బహుమతి ఈమెకే వచ్చిందనుకుంటారు.

మర్నాడు ఆదివారం. మారెక్క నన్ను కాళాచారి ఇంటికి మోసుకువచ్చింది. అతను నా వీపు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా రాశాడు. ఒక్కొక్క గుంత దగ్గర చెయ్యి ఆగింది. గాళ్ళలో వార్నీషు గీకాడు, మైనం రుద్దాడు. నీలం చెక్క జర్రున కదిలింది. అతనికోసం నేను ఎప్పుడైనా కదులుతాను.

“పేర్లు మళ్ళా చెక్కుదునా?” అన్నాడు.

“వద్దు మామా. గుంతలు అట్లే ఉండనీ. చూసినోళ్ళు ఏంది ఇదని అడుగుతారు గదా. అడిగినప్పుడంతా చెప్తా.”

కాళాచారి నవ్వలేదు. తల ఆడించాడు. నా సొంత మనసు ఆమె నోట పలికినట్టయింది నాకు.

అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడు. సంజీవప్ప సారు. మడత నలిగిన చొక్కా. మెడలో ఏమీ లేదు.

“మారెక్కా” అన్నాడు. ‘అమ్మా’ రాలేదు, అధికారమూ రాలేదు. “నిన్నటి సంగతి... బళ్ళో పిల్లోళ్ళ కాడ చెప్పొద్దు. ఆటగా ఆడుకుంటారు. నన్ను క్రియ చేసి ఆడుకుంటారు. ఇంకా రెండేండ్ల సర్వీసుంది నాకు.”

మారెక్క చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. ఆయన కళ్ళు ఆమె మొహంలో జవాబు వెతికాయి. ఆమె మొహం మూసిన సంచిలా ఉంది.

లోపలినుంచి కాళాచారి భార్య సుంకమ్మ కేక వేసింది. “ముద్ద ఆరిపోతాది. వచ్చినోళ్ళంతా కూకోండి, నిలబడి ఏం మాట్లాడతారు?”

ఒకే వరసలో నాలుగు కంచాలు పెట్టింది. బళ్ళో సంజీవప్ప సారు తన గదిలో తలుపేసుకొని తింటాడు. మారెక్క మెట్ల దగ్గర ఒక్కతే తింటుంది. ఇక్కడ మిగిలిన కంచం ఆమె పక్కనే ఉంది. సారు ఆ కంచం వైపు కాసేపు చూశాడు. కూర్చున్నాడు.

రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి. సుంకమ్మ ఊరిబిండిలో మిరపకాయలు లెక్కపెట్టి వేయదు. నలుగురూ తింటున్నారు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. మూడో ముద్దకు సారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు ఎగబీల్చాడు. నీళ్ళకోసం చెయ్యి కొంచెం లేచి, మళ్ళీ కంచంలోకి దిగింది.

నీళ్ళ చెంబు మారెక్కకు అటువైపు ఉంది. ఆమె దాన్ని జరపలేదు. ఆయన అడగలేదు.