చెయ్యి వదిలితే పడనిది

పన్నెండో అంతస్తుకు పైన, గాజు క్యాబిన్‌లో కూర్చుని, క్రేను డ్రైవరు ఇనుప చువ్వల కట్టను అంగుళం అంగుళంగా దించుతున్నాడు. ఎడమ చేతి లివరుతో క్రేను తిరుగుతుంది, కుడి చేతి లివరుతో కొక్కెం దిగుతుంది. ఈదురుగాలి వచ్చినా, మనసులో అనుమానం వచ్చినా ముప్పై ఏళ్లుగా అతడు చేసేది ఒక్కటే. రెండు చేతులూ వదిలేస్తాడు. క్రేను ఆగిపోతుంది, బరువు ఎక్కడిదక్కడే వేలాడుతుంది.

"ఇంకో జానెడు దించు బావా... ఆఁ, చాలు. వెన్నముద్దలా దించావు," అన్నాడు వాకీటాకీలో, కింద నిలబడి సూచనలిచ్చే మేస్త్రీ.

"వచ్చే నెల నుంచి ఎవడు దించుతాడో చూద్దాంలే."

"రిటైరయ్యాక ఏం చేస్తావు? గోళ్లు గిల్లుకుంటావా?"

"హెలికాప్టర్ తోల్తా."

మేస్త్రీ నవ్వుకి వాకీటాకీ గరగరలాడింది. అతడు మాత్రం నిజమే చెప్పాడు. వారానికోసారైనా ఒక హెలికాప్టర్ అతడి కళ్ల ఎత్తునే సాగిపోయేది. తను లేపిన మేడల్లో ఒక్కదాని గడప కూడా కాపలావాళ్లు మళ్లీ తొక్కనివ్వలేదు. ఆకాశానికైతే కాపలావాడు లేడు.

ఆ రోజు ఒంటిపూట పని. నిచ్చెన దిగి, చేతులు కడుక్కుని, రిమోట్ బొమ్మల దుకాణానికి వెళ్లాడు. మూరెడు పొడవున్న నల్ల హెలికాప్టర్ అతడి కంటికి ఆనింది. తోక రెక్కతో సహా అచ్చం అసలుదే.

"మొదటిసారా బాబాయ్‌గారూ?" అంది దుకాణం అమ్మాయి.

"ముప్పై ఏళ్లుగా క్రేను డ్రైవర్నమ్మా. ఇలాంటి లివరు పుల్లలు ఎన్ని తిప్పానో!"

ఆమె వెనక గదిలో పరుపు పరిచి రిమోట్ చేతికిచ్చింది. నల్లది లేచింది, తోక తిప్పింది, గోడ వైపు ఒరిగింది. అనుమానం వచ్చింది. రెండు చేతులూ వదిలేశాడు. దబ్బున పడింది. మళ్లీ లేపాడు, మళ్లీ వదిలాడు, మళ్లీ దబ్బు. అతడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఎందుకండీ వదిలేస్తారు?"

"యంత్రమన్నాక చెయ్యి వదిలితే ఆగాలి కదమ్మా!"

"ఇది పడుతుందండీ. ముప్పై ఏళ్ల అలవాటు మూడు రోజుల్లో పోతుందా?" అంటూ ఆమె అరచేతంత పసుపుపచ్చది తీసింది. ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలు. "కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇదే. లేపి, వదిలి చూడండి."

వదిలాడు. అది మనిషి తల ఎత్తున, కాస్త ఊగుతూ, అలాగే నిలబడింది.

నల్లదాని వైపు ఒకసారి చూసి, నవ్వేశాడు. "మన ఎత్తు మనకి చాలు. ఇదే ఇవ్వు తల్లీ."

ఇంట్లో భార్య పెట్టె వంక చూసింది. "మనవడికా?"

"నాకే."

"బాగుంది సంబడం! కొక్కెం ఏదీ దీనికి? నా కూరగాయల సంచీ మోస్తుందా?"

సాయంత్రం ఫ్యాను ఆపి, ముందు గదిలో కుర్చీ వేసుకుని ఎగరేశాడు. కిటికీ దాకా పంపాడు, వెనక్కి తెచ్చాడు. ఒక్కసారీ పడలేదు.

"ఏమండీ, టీ తేనా?" వంటింట్లోంచి అడిగింది ఆమె.

"తే. వచ్చి చూడవే, చేతులు వదిలేశాను!"

ఆమె గ్లాసు పట్టుకుని వచ్చేసరికి అతడు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఒళ్లో రిమోట్, దానికి అటూ ఇటూ తెరుచుకున్న అరచేతులు. పిలిచింది. భుజం కుదిపింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. ముఖంలో మాత్రం, బరువును సరిగ్గా దించాల్సిన చోట దించినప్పటి తీరుబడి.

గది మధ్యలో, ఆమె తల ఎత్తున, పసుపుపచ్చ హెలికాప్టర్ కాస్త ఊగుతూ అలాగే నిలబడి ఉంది.