గౌరయ్య వీపు

నా తమ్ముడు గౌరయ్య ఎన్ని పార్టీలు మార్చాడో తూంకుంటలో లెక్క పెట్టడం మానేశారు. అలాంటివాడు గుండె ఆపరేషన్ అయ్యాక మంచం మీద పక్క మార్చమంటే మాత్రం ససేమిరా అన్నాడు.

పేట్ బషీరాబాద్ ఆస్పత్రిలో ఐసీయూ నుంచి గదిలోకి తెచ్చినప్పటి నుంచీ జనమే జనం. ప్లాట్లు అమ్మిపెట్టేవాళ్లు, టికెట్ ఆశపడేవాళ్లు. అందరి చేతుల్లో శాలువాలే. రొమ్ము కోసి కుట్టిన మనిషికి శాలువా కప్పి ఫోటో దిగే తెలివి మావాళ్లకే ఉంది. మంచానికి రెండు వైపులా కుర్చీలు. నడుమ గౌరయ్య వెల్లకిలా పడుకుని, దొరలాగా అందరికీ దండాలు పెడుతున్నాడు.

నర్సు సుచిత్ర వచ్చినప్పుడల్లా బతిమాలేది.

"సార్, ఒక్క తీరుగ పండొద్దు. కుట్లున్నయి, చేతులు ఆనించి జరగకుండ్రి, మేమే తిప్పుతం. నడుం కింద రక్తమాడకుంటే పుండయితది."

"ఎటు తిప్పినా ఎవలకో ఒగలకు ఈపు జూపినట్టే గద! గౌరయ్యకు పొగరెక్కిందంటరు."

"గిప్పుడు కొత్తగంటరా?" అన్నాను.

"అక్కా, నువ్వు సప్పుడు జెయ్యకు."

మర్నాడు ఒళ్లు తుడుస్తుంటే నడుము కింద, ఎముక దగ్గర ఎర్రగా కనబడింది. సుచిత్ర వేలితో నొక్కి తీసింది. తెల్లబడాల్సిన చోట ఎరుపు చెదరలేదు. పక్షవాతంతో మంచం పట్టిన మా ఇంటాయనకూ ఇలాగే మొదలైంది. ఆయన్ని తీసుకుపోయింది పక్షవాతం కాదు, ఆ పుండే.

మరదలు లలితకుమారి తన తెలివి చూపింది. నెత్తి మీద బిందె నిలవడానికి పెట్టే సుట్టబట్టలాగా తువ్వాలు చుట్టి మొగుడి నడుము కింద పెట్టింది. సుచిత్ర చూసి లాగి పారేసింది.

"సుట్టూత ఒత్తితే నడిమిట్లకు రక్తం అస్సలు రాదమ్మా!"

పాపం, మరదలు మొగుణ్ణి బిందె అనుకుంది. ఆమె తప్పేం లేదు, ఖాళీ బిందెకూ అతనికీ మోతలో తేడా లేదు.

అంతలో రాఘవేందర్ వచ్చాడు. నిన్నటిదాకా తమ్ముడి చెప్పులు మోసి, ఇప్పుడు అవతలి పార్టీలో చేరి తమ్ముడి సీటుకే టికెట్ అడుగుతున్నవాడు. చేతిలో శాలువా, వెనక ఫోటోగ్రాఫర్.

నేను తమ్ముడి చెవి దగ్గర వంగాను.

"తమ్మీ, గీనికి గూడ మొకం జూపుతవా?"

గౌరయ్య కళ్లు మెరిశాయి. "సిస్టరమ్మా! జల్దీ తిప్పు!"

సుచిత్ర, ఆయమ్మ దుప్పటి పట్టి మెల్లగా తిప్పారు. వీపుకు ఒక దిండు ఆనించారు, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద ఇంకొకటి పెట్టారు.

"అన్నా, నేనొచ్చిన," అన్నాడు రాఘవేందర్ దిండుతో.

"కనబడ్తలేవురా. డాక్టర్ గిట్లనే పండుమన్నడు."

ఫోటోగ్రాఫర్ ఏం చేయాలో తోచక నావైపు చూశాడు.

"ఫోటో దియ్యుండ్రి, ఈపు గూడ మా తమ్మునిదే," అన్నాను.

ఇక చూడాలి తమ్ముడి హుషారు! ఎవరొస్తున్నారో ముందే అడిగి, కాసేపు ఇటు, కాసేపు అటు తిప్పించుకున్నాడు. వీపు చూపాల్సినవాళ్లు అతనికేం కరువు? నర్సు బతిమాలితే వినని ఒళ్లు, పగ చెబితే విన్నది.

ఇంటికి పంపే రోజు సుచిత్ర మళ్లీ నొక్కి చూసింది. నొక్కినచోట తెల్లబడి, వెంటనే మామూలు రంగుకొచ్చింది.

"రక్తం మంచిగాడుతాందమ్మా."

"ఆడక ఏం జేస్తది బిడ్డా," అన్నాను. "బయట రాఘవేందర్ నిలబడ్డడు."