వణుకు తక్కువున్న మిషను

మిషను కొనడానికి నువ్వెందుకని సాయిశంకర్ భార్యతో రెండుసార్లు అన్నాడు. ఎండన్నాడు, పాప ఏడుస్తుందన్నాడు. హేమశ్రీ వినలేదు. పదినెలల పాపను చంకనేసుకుని, పాలసీసా సంచిలో పడేసుకుని, గాజువాక వెళ్లే ఆటోలో అతని పక్కన ఎక్కి కూర్చుంది. పాలిషింగ్ మిషన్ల సంగతి ఆమెకేం తెలుసు? తొమ్మిదో తరగతిలో బడి మానిపించిన పిల్ల. ఆమె వచ్చింది మిషను కోసం కాదు, అతని కుడిచేతి కోసం.

సోమవారం పాప స్నానానికి వేడినీళ్లలో చన్నీళ్లు కలిపి తొలిపింది అతనే. చెయ్యి పెట్టి చూసి, బాగున్నాయి పొయ్యమన్నాడు. ఎందుకో ఆమె మోచెయ్యి ముంచింది. చురుక్కుమంది. అతనికి చెప్పకుండా ఇంకాసిని చన్నీళ్లు కలిపేసి, అప్పటినుంచి ఆ చేతి మీదే కన్నేసి ఉంచింది. పాప గౌను టిచ్‌బటన్లు అతను నొక్కలేకపోతున్నాడు. తన చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకుంటున్నాడు. ఆరేళ్లు ఆటోనగర్ షెడ్డులో గ్రైండర్ పట్టి, దాని వణుకంతా తాగిన చెయ్యి అది.

ఆ పని మానేసి ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో కార్లు కడుగుతున్నాడు. పెయింటు మీద గీతలు తీసే పని కూడా చేస్తే నిలబడతామని ఆశ. ఈ ఊళ్లో ఆ పనికి కొదవ లేదు. తెల్లారేసరికి కారు మీద నల్లదుమ్ము పరుచుకుని ఉంటుంది. ఓనర్లు పొడిగుడ్డ పెట్టి తుడిచేస్తారు. ఎండ పడితే బానెట్ నిండా సాలెగూళ్లలాంటి సన్నగీతలే.

పనిముట్ల దుకాణం నడిపే నరసింహమూర్తిది అమలాపురం వైపు. ముప్పైయేళ్ల కిందట స్టీలుప్లాంటు పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు గానీ, మాట మాత్రం గోదారి దాటి రాలేదు. దుకాణం ముందు స్టాండు మీద నీలంరంగు పాత బానెట్ ఒకటి పెట్టి ఉంచుతాడు. ఎవరైనా దాని మీద నడిపి చూసుకున్నాకే మిషను కొనాలని ఆయన పట్టు.

సాయిశంకర్ కళ్లు నేరుగా గిర్రున ఒకేచోట తిరిగే రోటరీ పాలిషర్ మీదికి పోయాయి. బరువుగా ఉంది, గ్రైండర్‌కి తోబుట్టువులా ఉంది. నరసింహమూర్తి మాత్రం డ్యూయల్ యాక్షన్ పాలిషర్ తీసి చేతిలో పెట్టాడు. ఇది తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఒకేచోట వేడెక్కదని, కొత్తచేతికి ఇదే మంచిదని చెప్పాడు. ప్యాడ్ పట్టుకునే ప్లేటు అంచున తెల్లగీత గీసి ఉంది. ఆ గీత తిరుగుతున్నంతసేపే పని అవుతున్నట్టు. బరువు వేస్తే ప్యాడ్ తిరగడం మానేసి ఊరికే వణుకుతుందట.

గ్రైండర్ అలవాటు ఎక్కడికి పోతుంది? సాయిశంకర్ ఒళ్లంతా దాని మీదే వేశాడు. గీత ఆగిపోయింది. దీనికి జోరు లేదని పక్కన పెట్టి రోటరీ అందుకున్నాడు.

బానెట్ అంచు మీద కాసేపు నడిపాక నరసింహమూర్తి ఆపించి, అరచెయ్యి వేసి వేడి చూసుకోమన్నాడు. ఈ పనిలో అదే మొదటి పాఠమట.

సాయిశంకర్ చెయ్యి వేశాడు. "సల్లగానే ఉంది."

మళ్లీ మిషను వేశాడు. నాలుగు తిప్పులకి నీలంరంగు లేచిపోయి, కింద బూడిదరంగు ప్రైమర్ తేలింది. హేమశ్రీ వేలు ఆనించి, కాలి, వెనక్కి లాక్కుంది. నరసింహమూర్తి అతని చేతి వంక చూశాడు. "పాతదేలెండి, దానికేవుంది," అన్నాడు గానీ, నవ్వలేదు.

హేమశ్రీ ఇక ఉండబట్టలేకపోయింది. "మావా, నీ సేతికి తెల్డం లేదు. నీళ్లు తొలిపిన్నాడే నాకు తెలిసింది."

అతను రోటరీ కింద పెట్టేశాడు. "సెప్తే ఏటవుద్ది? సెయ్యి మొద్దుబారినోడికి కారెవుడిత్తాడే? పాప సెంప కూడా ఎడంసేత్తోనే ముట్టుకుంటన్నాను నాను."

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే అతను ఇంకా ముడుచుకుపోతాడు. పాపను అతని ఎడమచేతికిచ్చి, అతను పక్కన పెట్టిన డ్యూయల్ యాక్షన్ తీసుకుంది. ఒక మనిషి చేతిని అలా చేసిన వణుకు ఎలాంటిదో తనకూ తెలియాలి. భయానికి బరువు వెయ్యలేదు. పెనం మీద దోసెపిండి తిప్పినట్టు తిప్పింది. తెల్లగీత ఆగకుండా తిరుగుతూనే ఉంది. గుడ్డతో తుడిచి చూస్తే, మూరెడు మేర సాలెగూడు మాయమైంది. అందులో తన మొహం కనిపించి ఆమే బిత్తరపోయింది.

"చెయ్యంటే అదండీ," అన్నాడు నరసింహమూర్తి.

"ఇంటికాడ గిన్నెలు ఇంత నున్నగా ఎప్పుడైనా తోమీవేటే?" అన్నాడు సాయిశంకర్.

"గిన్నెలు తోముతన్నది నువ్వే కదా."

కారు కడగడం, పాపను చూడడం తనదని, పాలిష్ ఆమెదని అతను అక్కడికక్కడే తేల్చేశాడు. అపార్ట్‌మెంట్ వాళ్లు ఏమంటారో, పాప ఊరుకుంటుందో లేదో అని ఆమె ఏదో అంటూనే ఉంది. అతను వినిపించుకోకుండా నరసింహమూర్తిని అన్నిట్లోకీ వణుకు తక్కువున్న మిషను అడిగాడు. తన చేతికి తెలియదు గనక ఒక్కొక్కటే ఆమె చేతిలో పెట్టి, ఆన్ చేసి, ఆమె మొహం చూశాడు. మొదటిది మోచేతి దాకా ఊపేసింది. రెండోది మణికట్టు దగ్గర ఆగింది. మూడోది చిన్నది, పిడి సన్నం. ఆమె కనుబొమలు ముడిపడలేదు.

"ఇదియ్యండి," అన్నాడు. దీనికైనా మధ్యమధ్య చేతికి విశ్రాంతి ఇవ్వాలని నరసింహమూర్తి చెబితే, ఆ మాట ఆమె చేత రెండుసార్లు అనిపించాడు.

"ముందు నరాల డాక్టరు కాడికి," అంది హేమశ్రీ. "ఆ తర్వాతే కార్ల పని. లేపోతే ఆ మిషను నాను ముట్టుకోను."

ఆదివారం ఒక కారు ఒప్పుకున్నానని నసిగాడు. ఆమె కదల్లేదు. డాక్టరుకి చూపించేదాకా మిషను పెట్టె తన దగ్గరే ఉంటుందని, ఎక్కడికీ పోదని నరసింహమూర్తి సర్దిచెప్పాడు.

తిరుగు ఆటోలో పాప సాయిశంకర్ ఎడమ భుజం మీద నిద్రపోయింది. హేమశ్రీ అతని కుడిచెయ్యి ఒళ్లోకి తీసుకుంది. తెలుస్తోందా అని అడగడానికి ధైర్యం చాల్లేదు. ఊరికే ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త గట్టిగా పట్టుకుంటూ పోయింది.

"మెల్లగే," అన్నాడు సాయిశంకర్. "నొప్పెడతంది."

ఆమె వదల్లేదు.