ముప్పై ఒకటో సంచిక

"దీని మీద గ్లాసు ఎవరు పెట్టారు?"

ముందు గదిలో మా ఆయన ఒక పుస్తకాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడి ఉన్నారు, తడిసిన పిల్లిపిల్లని పట్టుకున్నట్టు. అట్ట మీది బొమ్మలో దళపతి అనే వీరుడి తల చుట్టూ గుండ్రంగా తడి మచ్చ. ఆ గ్లాసు ఆయనదే. టీ ఆయనకే ఇచ్చాను, ఆయనే తాగారు, ఆయనే దించారు. ఆ మాటే అన్నాను.

"నువ్వు ఆ బల్ల మీద పెట్టి వెళ్ళావు గనకే కదా, నేను మళ్ళీ అక్కడే పెట్టాను!"

"నేను పెట్టినప్పుడు అక్కడ పుస్తకం లేదండీ."

"ఇప్పుడుందా, లేదా?"

లోపలి గదిలోంచి అత్తయ్య కేకేసింది. "పొద్దున్నే కాగితం ముక్క కోసం ఏంట్రా ఆ అరుపులు! తుడిస్తే పోతుంది. అమ్మాయ్, తుడిచెయ్యి."

తుడిచాను. మా ఇంట్లో ఏ గొడవైనా ఆ చివరి రెండు మాటల దగ్గరికే వచ్చి ఆగుతుంది. తప్పెవరిదో తేలదు. ఎవరు తుడవాలో మాత్రం ముందే తేలిపోయి ఉంటుంది.

ఆ పుస్తకం మా ఆయన దగ్గరున్న అరవై నాలుగు కామిక్స్‌లో ఒకటి. కాలేజీ రోజుల్లో 'ఏడు చంద్రుల యుద్ధం' అని నక్షత్రాల మధ్య ఓడలూ, మంత్రాలూ, రాజ్యాలూ ఉన్న సినిమాలు వరసగా అయిదొచ్చాయి. ఒక సినిమాకీ ఇంకో సినిమాకీ మధ్య ఏం జరిగిందో చెబుతూ వాళ్ళే ఈ కామిక్స్ వేశారు. ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేసే మా ఆయనకి ఆ పిచ్చి ఇంకా దిగలేదు. ప్రతి ఆదివారం పళ్ల డాక్టరు, లెక్కల మాస్టారు, ప్రింటింగ్ ప్రెస్సాయన మా ఇంట్లో చేరతారు. సినిమాలో ఉన్నది అసలు, కామిక్స్‌లో ఉన్నది కొసరు అని డాక్టరు వాదన. రెండూ ఒకే కథ, దేన్నీ తీసెయ్యడానికి లేదని మాస్టారి వాదన. పదింటికి మొదలుపెడితే ఒంటిగంట దాకా సాగుతుంది. మధ్యలో రెండుసార్లు టీ, ఒకసారి టిఫిను. పుస్తకాలకి పురుగు పట్టకుండా నెలకోసారి నీడపట్టున ఆరబెట్టడం, దుమ్ము దులపడం, ప్లాస్టిక్ కవర్లు మార్చడం, నంబర్ల వరసలో మళ్ళీ సర్దడం నా పని. సర్దేటప్పుడు ఊరికే ఉండలేక చదివాను. నేను డిగ్రీలో చరిత్ర చదువుకున్నదాన్ని. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్న ప్రశ్న కంటబడితే వదిలిపెట్టడం నాకు చాతకాదు.

ఈ అభిమానులంతా రాసుకునే వెబ్‌సైటొకటుంది. అందులో మా ఆయన పెట్టుకున్న పేరు ఆ కథల్లో వీరుడిదే, 'దళపతి'. రెండేళ్ళ కిందట ఆయనకి కళ్ళ కలక వచ్చి తెర చూడలేకపోతే, "నేను చెప్తాను, నువ్వు టైపు కొట్టు" అన్నారు. మొదటి వారం చెప్పారు. రెండో వారం, "నా ఉద్దేశం నీకు తెలుసుగా, అలాగే రాసెయ్" అన్నారు. మూడో వారానికి కళ్ళు బాగయ్యాయి. రాయడం మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది, బట్టలు ఇస్త్రీ చెయ్యడం ఎప్పుడు ఎలా నా చేతికొచ్చిందో చెప్పలేనట్టే. మధ్యాహ్నం అత్తయ్య నిద్రపోయాక, పాప చిట్టి స్కూలునుంచి వచ్చేలోగా, ఒక గంట. నిజం చెప్పాలంటే రోజు మొత్తంలో నేను ఎదురుచూసే గంట అదొక్కటే. ఎవరో ప్రశ్న అడుగుతారు, నేను పేజీ నంబరుతో సహా జవాబిస్తాను, వాళ్ళు "ధన్యవాదాలు దళపతీ" అంటారు. సాయంత్రం ఆ ధన్యవాదాలు మా ఆయన చదువుకుని, "మనవాడొకడు భలే మెచ్చుకున్నాడే" అని నాకే చెబుతారు.

అందరూ మెచ్చుకున్నది ముప్పై ఒకటో సంచిక గురించి రాసినది. మూడో సినిమాలో దళపతి శత్రువుల జైలు ఓడలోంచి తప్పించుకుంటాడు. తలుపు తెరిచి ఉంటుంది, బయటికి నడిచి వస్తాడు. ఎవరు తెరిచారన్నది సినిమా చెప్పదు. ఆ తలుపు పక్కనే ఒకావిడ దీపం పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ ఓడలో దీపాలకి నూనె పోసే మనిషి. తెర మీద నాలుగు క్షణాలు. ఆవిడకి పేరు లేదు, మాట లేదు. ముప్పై ఒకటో సంచిక మొత్తం ఆవిడ కథే. కాని అది ఆలస్యంగా అచ్చయింది కాబట్టి, అట్ట మీది నంబరు చూసి అభిమానులంతా దాన్ని నాలుగో సినిమా తర్వాత జరిగినట్టు లెక్కేసుకున్నారు. అప్పటికి కథలో జైలు ఓడ ఊసే లేదు గనక ఉత్త కాలక్షేపం కథ అని పక్కన పడేశారు. అందులో ఆవిడ ఒక తలుపుకి కాలుతున్న గొళ్ళేన్ని అరచేత్తో పట్టుకుని లాగుతుంది. చెయ్యి కాలుతుంది. ఇరవై రెండో సంచికలో ఓడ మీద అందరూ సమావేశమైన పెద్ద బొమ్మ ఒకటుంది. అది మూడో సినిమా అయిన వెంటనే జరిగినది. అందులో ఓ మూల అగ్గిపెట్టె మీది బొమ్మంత చిన్నగా ఆవిడ ఉంది. అరచేతికి గుడ్డకట్టు. అంటే ముప్పై ఒకటి ముందు జరిగింది, ఇరవై రెండు తర్వాత. ఆ తలుపు తెరిచింది ఆవిడే. అదే రాశాను. మూడు రోజులు వెబ్‌సైటంతా అదే మాట. అరవై నాలుగింటి వరసా మార్చుకున్నారు.

తడి మచ్చ తుడిచిన ఆ ఆదివారమే, టీ ట్రేతో గుమ్మంలోకి వచ్చేసరికి పళ్ల డాక్టరు మా ఆయన భుజం తడుతున్నాడు.

"కట్టు పాయింటు మాత్రం అదరగొట్టావయ్యా! పదేళ్ళుగా ఆ పేజీ చూస్తున్నాను, నా కంటికి ఆనలేదు. ఏ చెయ్యి అది, ఎడమేనా?"

"ఎడమే" అన్నారు మా ఆయన, ఏమాత్రం తడుముకోకుండా.

నా నోట్లోంచి వచ్చేసింది. "కుడి చెయ్యండీ. ఎడం చేత్తో దీపం పట్టుకుంది."

ఒక్క క్షణం అందరూ నా వైపు చూశారు, బల్ల మాట్లాడినట్టు. లెక్కల మాస్టారు ముందు తేరుకున్నాడు. "ఓరి నీ దుంపతెగ! వదినగారికి కూడా అంటించేశావా ఈ జబ్బు?"

"అబ్బే, దుమ్ము దులిపేటప్పుడు బొమ్మలు చూస్తుంటుందిలే" అన్నారు మా ఆయన.

నవ్వారు. ఆ నవ్వులో విషం లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ప్రెస్సాయన నా చేతిలో ట్రే బరువు చూసి లేచి అందుకున్నాడు కూడా. డాక్టరు పేజీ తీసి చూసి, "కుడే! చూశావా, రాసినవాడివి నువ్వే మర్చిపోయావ్" అన్నాడు. మా ఆయన చేతులు రెండూ ఎత్తి మొక్కారు. మళ్ళీ నవ్వారు. నేను వంటింట్లోకి వచ్చి రెండో విడత టీకి నీళ్ళు పెట్టాను. కోపం రాలేదు. అలసటగా ఉంది. పొద్దున్నే లేచి పనంతా అయ్యాక వచ్చే అలసట కాదు. అది పడుకుంటే పోతుంది.

సోమవారం మధ్యాహ్నం వెబ్‌సైటు తెరిస్తే దళపతికి ఉత్తరం వచ్చి ఉంది. పక్క ఊళ్ళో లైబ్రరీ నడిపే ఆవిడ రాసింది. శనివారం వాళ్ళ హాల్లో అభిమానుల సమావేశం పెడుతున్నారట. నూటయాభై మంది దాకా వస్తారట. ముప్పై ఒకటో సంచిక గురించి మీరొచ్చి అరగంట మాట్లాడాలి అని, కింద ఫోన్ నంబరు. మూడుసార్లు చదివాను. సాయంత్రం ఆయనకి చూపిస్తే షర్టు విప్పుతున్నవారు విప్పుతూనే ఆగిపోయారు.

"నూటయాభై మందే! చూశావటే! ఏం చేస్తావంటే, నాలుగు పేజీలు రాసిపెట్టు. అక్షరాలు కాస్త పెద్దవి. ఎవరైనా ఎదురు ప్రశ్నలు వేస్తారేమో, అవి కూడా జవాబులతో వేరే కాగితం మీద. నీలం చొక్కా ఉతికుందా?"

మంగళవారం కూర్చుని రాశాను. రెండు పేజీలు చకచకా సాగాయి. మూడో పేజీలో, ఆ కట్టుని మొదట ఎలా గమనించానో చెప్పాల్సిన చోట ఆగిపోయాను. ఎందుకంటే అది పరిశోధన కాదు. పోయినేడు పాలగిన్నె దించుతూ నా కుడి అరచెయ్యి కాలింది. గుడ్డకట్టి తొమ్మిది రోజులు ఎడం చేత్తోనే అన్నీ చేశాను. మూడో రోజు అత్తయ్య, "ఈమధ్య గిన్నెలు జిడ్డోడుతున్నాయేంటి?" అని అడిగింది. ఆయన పదో రోజున, కట్టు విప్పేశాక, అన్నం కలుపుకుంటూ "చేతికేంటా మచ్చ?" అన్నారు. ఆ తొమ్మిది రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పుస్తకాలు దులుపుతున్నాను. ఎడం చేత్తో పేజీలు తిప్పడం రాక ఒక్కొక్కటీ నెమ్మదిగా తిప్పుతుంటే, ఆ పెద్ద బొమ్మ మూలన ఆవిడ చెయ్యి కనపడింది. నాది ఎలా కట్టుకున్నానో అలాగే కట్టుకుంది, ముడి మణికట్టు మీదికి వచ్చేటట్టు. ఒంటి చేత్తో కట్టుకునేవాళ్ళకి ముడి అక్కడే పడుతుంది. ఎవరైనా కడితే అలా పడదు. అదంతా ఉన్నదున్నట్టు రాశాను. రాసింది ఆయన చదవడానికని రాస్తున్నప్పుడు గుర్తు లేదు.

ఆయన బుధవారం పొద్దున్న టిఫిను తింటూ చదివారు.

"బాగుంది, బాగుంది... ఇదేంటి, 'నా కుడి అరచెయ్యి కాలిన వారంలో' అని రాశావ్? నా చెయ్యెప్పుడు కాలింది?"

"మీది కాలలేదు."

"మరి?"

ఆ "మరి" తర్వాత ఆయన ఒక్క నిమిషం ఆలోచిస్తారేమోనని చూశాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి ఆ పేరా మొత్తం పైనుంచి కిందికి ఒకే గీతతో కొట్టేశారు.

"'నిశితంగా పరిశీలించగా తేలినదేమిటంటే' అని పెడదాం. హుందాగా ఉంటుంది. నువ్వేమీ అనుకోకు, వంటింటి గొడవ నలుగురిలో ఎందుకు? మళ్ళీ శుభ్రంగా రాసి ఉంచు."

చెడ్డ మనిషి కాదు. నేనే ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. కొట్టలేదు, తిట్టలేదు, పండో పూవో తేకుండా ఏ నెలా గడవలేదు. నేను రాసినవి తన పేరుతో వెళ్తుంటే ఇన్నాళ్ళూ నాకు పెద్దగా పట్టింపు ఉండేది కాదు. ఎవరి పేరైతేనేం, నా గంట నాకుంది అనుకున్నాను. ఆ గీత చూశాకే అర్థమైంది. ఆయన ఆ పేరా మోయలేరు. దాన్ని నూటయాభై మంది ముందు నిలబడి చెప్పాలంటే, ఆ తొమ్మిది రోజులూ తను ఎటు చూస్తున్నారో కూడా చెప్పాలి. ఆ పేరా తీసేస్తే మిగిలేది ఉత్త నంబర్లు. ఇరవై రెండు, ముప్పై ఒకటి. అట్ట మీది నంబర్లు చూసేగా అందరూ అన్నేళ్ళు పొరబడ్డది.

గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, లైబ్రరీ ఆవిడకి ఫోన్ చేశాను.

"దళపతి పేరుతో రాసేది నేనండీ."

"ఏమీ అనుకోకపోతే ఒక ప్రశ్న అడగొచ్చా?" అంది ఆవిడ. "దీపాలావిడ నూనె డబ్బా సొట్టపోయి కనపడేది ఎక్కడ?"

"యాభై రెండో సంచిక, పన్నెండో పేజీ. కింది వరసలో మూడో బొమ్మ."

ఆవిడ గట్టిగా నవ్వింది. "మీరేనమ్మా! ఆడమనిషి రాసినట్టుందని మా హాల్లో ఇద్దరితో పందెం కాశాను. శనివారం పదకొండింటికి మీ వంతు. కార్యక్రమం కాగితం మీద ఏ పేరు వెయ్యమంటారు?"

నా పేరు చెప్పాను, డిగ్రీ పట్టా మీదున్న ఇంటిపేరుతో సహా. "ఇంకోసారి చెప్పండి" అంది. రాసుకుంటోందని ఆగి ఆగి చెప్పాను. ఫోన్ పెట్టేశాక స్టూలు మీద కూర్చున్నాను. చాలాసేపు లేవలేదు. పాప వచ్చి తలుపు కొట్టేదాకా.

గురువారం ఎనిమిదింటికి భోజనాలకి కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను.

"కాగితాలు తయారేనా?" అన్నారు ఆయన. "ఎల్లుండే మరి."

"తయారే. శనివారం నేను వెళ్తున్నాను."

"నువ్వూ వస్తావా? రా, అయితే. చిట్టిని కూడా తీసుకుపోదాం."

"నేనూ కాదండీ, నేనే. రాసింది నేనని వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాను. మాట్లాడేది నేను."

చిట్టి నమలడం ఆపేసింది. అత్తయ్య అందరి మొహాలూ చూసింది. "ఏం రాసిందంట? ఎవరికి?"

"కంప్యూటర్లో నాన్న పేరుతో వచ్చేవన్నీ అమ్మే రాస్తుంది నానమ్మా" అంది చిట్టి. దానికి తెలుసని నాకు తెలియదు.

"ఓహో" అంది అత్తయ్య కొడుకుని చూస్తూ. "సొమ్మొకడిది, సోకొకడిది అన్నమాట." నాకు ఆశ కలిగేలోపే నా వైపు తిరిగింది. "అది సరేగాని, శనివారం వంట మాటేంటి?"

"నేను చెయ్యను అత్తయ్యా."

ఆయన చెయ్యి కంచంలోనే ఉంది. అరుస్తారనుకున్నాను. గొంతు తగ్గించే మాట్లాడారు. "ముందు నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా? డాక్టరూ, మాస్టారూ అందరూ వస్తారక్కడికి. వాళ్ళ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"వాళ్ళ పక్కనే కూర్చోండి."

కూర గిన్నె బల్ల మీద పెట్టి, నాలుగో కుర్చీ లాక్కుని, నా కంచంలో నేనే వడ్డించుకున్నాను. వాళ్ళు తింటుండగా నేను కూర్చుని ఎన్నాళ్ళయిందో. అన్నం ఇంకా వేడిగా ఉంది.

"కూర్చుని?" అన్నారు ఆయన. "నేనొచ్చి అక్కడ ఏం చెయ్యాలంటావ్?"

"వినండి" అన్నాను.