కోటిలో ఏముంది

నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ నిండేసరికి పొయ్యి మీద పప్పు ఉడికిపోతుంది. నలభై దాటాక పలక పట్టినదాన్ని, చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

మా ఆయన పోయాక పెనుబల్లి దగ్గర మా ఊళ్ళోనే చదువుల కేంద్రానికి వెళ్ళడం మొదలుపెట్టాను. బర్రెలకు కుడితి పెట్టి, అందరూ తిన్నాక గిన్నెలు తోమి, మధ్యాహ్నం వెళ్ళేదాన్ని కాబట్టి ఇంట్లో ఎవరూ కాదనలేదు. ఏడో తరగతి పరీక్ష రాస్తానన్నప్పుడు మాత్రం మా మరిది రాంబాబు నవ్వాడు. "పరీక్షలెందుకు వదినా, ఏ ఆఫీసుకు పోతవ్?" ఆ వారమే భద్రాచలం నుంచి రామకోటి పుస్తకాలు కట్ట కట్టుకుని తెచ్చాడు. బోరులో నీళ్ళు పడితే రామకోటి రాయిస్తానని మొక్కుకున్నాడట. పడ్డాయి. "నీకు అక్షరాలొచ్చినయ్ గద. అన్న పేరు మీద పుణ్యం గూడ అయితది. ఇంట్లనే కూసోని రాసుకో." పక్కనుంచి మా అత్త, "మొగుడు పోయినదానికి ఇంతకన్న మంచి పనేముంటది" అంది.

నాకు కోపం కంటే ముందు అనుమానం వచ్చింది. అందరూ కోటి కోటి అంటారు గాని, అదెంత? దానిలో ఏముంటుంది? మా కేంద్రంలో చదువు చెప్పే శ్రావణిని అడిగాను. ఆ పిల్ల బోర్డు మీద ఒకటి వేసి ఏడు సున్నాలు పెట్టింది. "విరగ్గొట్టి చూడు పిన్నీ, వేటితో శేషం లేకుండ పోతదో."

అప్పటినుంచి అదే ధ్యాస. గిన్నెలు తోముతూ తడి వేలితో బండ మీద రాసేదాన్ని, సగం లెక్కలో ఉండగానే ఎండ ఆర్పేసేది. మళ్ళీ మొదటికి వచ్చేదాన్ని. రెండుతో పోయింది, మళ్ళీ పోయింది, ఏడుసార్లు పోయాక డెబ్బై ఎనిమిది వేల నూట ఇరవై అయిదు దగ్గర మొండికేసింది. అయిదుతో పట్టాను. అదీ సరిగ్గా ఏడుసార్లే. చివరికి ఒకటి. అంత పెద్ద అంకెలో ఏడు రెండ్లు, ఏడు అయిదులు తప్ప ఇంకేమీ లేవు. నాకెంత ముచ్చటేసిందంటే అన్నం మాడిన వాసన కూడా తెలియలేదు. "ఏందే, బండను చూసి నవ్వుతున్నవ్?" అంది అత్త. "కోటి అత్తమ్మా" అన్నాను. రామకోటి మొదలుపెట్టాననుకుని సంతోషపడింది.

ఆ రెండ్లనూ అయిదులనూ ఇటు కొన్ని, అటు కొన్ని పోగులు వేసి చూస్తుంటే ఒకసారి ఇటు వెయ్యి, అటు పదివేలు వచ్చాయి. రోజుకు వెయ్యి నామాలు రాస్తే పదివేల రోజులు. అంటే ఇరవై ఏడేళ్ళ పైమాట. అప్పుడు భయం వేసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మాట చెప్పాను. రాంబాబు ముద్ద కలుపుతూ అన్నాడు. "సరే, నీ ఒక్కదాని మీదనే ఎందుకు? అమ్మకూ ఇన్ని అక్షరాలొచ్చు. అమ్మ, నాగలక్ష్మి, నువ్వు, ముగ్గురాడోళ్ళు సమానంగ వాటాలేసుకోండ్రి." నాగలక్ష్మి ఆయన భార్య. ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"మూడుతో పోదు. ఎట్ల చేసినా ఒకటి మిగులుతది" అన్నాను.

"ఒకటే గద. అది గూడ నువ్వే రాయరాదు?" అంది అత్త.

"ఏమీ మిగలకుండ పోయేది చెప్పనా అత్తమ్మా? ఒకటితో. ఎంత అంకెయినా ఒకటితో పోతది." పుస్తకాల కట్ట తెచ్చి రాంబాబు కంచం పక్కన పెట్టాను. "మొక్కుకున్నది ఒక్కరే గద."

రాంబాబు ఎడమ చేత్తో కట్టను కంచానికి దూరంగా జరిపాడు. నాగలక్ష్మి పొయ్యి వైపు తిరిగింది. నవ్వు ఆపుకోలేక ఆమె భుజాలు కదలడం చూశాను.

ఆ రోజు గిన్నెలు తోమకుండానే కేంద్రానికి బయలుదేరాను. కోటికి ఒకటి కలిపితే, దానిలో ఏముంటుందో శ్రావణిని అడగాలి.

కన్నమ్మ, నలభై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది ములకలపల్లిలో, ఆడపిల్లల హాస్టలు వెనక గదిలో. పని కూడా అక్కడే.